ఆముదం చెట్టు నీడన హాయిగా: ఖమీస్ ముషైత్ బద్ధకస్తులకు చిట్కాలు

కరీంనగర్ నుంచో కడప నుంచో వీసా మీద వచ్చి సౌదీలోని ఖమీస్ ముషైత్ క్యాంపులో పడ్డారు. పొద్దున్నే బస్సు, రోజంతా ఫోర్‌మన్ కేకలు, రాత్రికి ఎనిమిది మందికి ఒక గది. ఈ బతుకులోంచి బయటపడటానికి లాటరీ తగలనక్కర్లేదు. క్యాంపు గోడ వెనక ఒక్క ఆముదం చెట్టు చాలు. చెట్టు పెరుగుతుంది, మీరు వైద్యుడవుతారు, వైద్యుడు పనికి పోడు. కింది చిట్కాలు వరసగా పాటించండి. మధ్యలో ఆగి ఆలోచించకండి, ఆలోచిస్తే నిద్ర చెడుతుంది.

1. చెట్టు ఎంపికలో తడబడకండి.

ఆముదం ఇక్కడికి పొరుగు చెట్టు. ఎర్రసముద్రానికి అవతల ఇథియోపియా వైపు పుట్టింది. ఇవతల మన అసీర్ ప్రాంతపు వాగుల ఒడ్డున ఎవరూ నాటకుండానే లేస్తుంది. మనకైతే పాలమూరు, నల్లగొండ చెలకల్లో చిన్నప్పటి నుంచి చూసిన ముఖమే. చదువుకున్నవాడెవడైనా ఎదురు మాట్లాడితే ఎబర్స్ పపైరస్ పేరెత్తండి. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథమది, అందులో ఆముదం ఉంది. మూడున్నర వేల ఏళ్ల నాటి మందు అనగానే వాడి నోరు మూతపడుతుంది. అదే గ్రంథంలో జంతువుల పేడ కూడా మందుల్లో ఉందన్న సంగతి కడుపులో దాచుకోండి.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నారు పెద్దలు. పక్కనున్న అబహా దాటి సౌదా కొండ వైపు పోతే జునిపర్ అడవులే ఉన్నాయి. అటు పోకండి, ఎవరినీ తీసుకుపోకండి. క్యాంపు వెనక మాత్రం ఏమీ మొలవలేదు. మీ రాజ్యం అంతవరకే.

2. విత్తనానికి పైసా ఖర్చు పెట్టకండి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత లాంటి రకాలు ఇచ్చింది. అవన్నీ పంట తీసి అమ్ముకునే పనిమంతులకు. మీరు వాగు ఒడ్డున ఎండిన ముళ్లకాయ ఒకటి తెంపుకోండి, మూడు గింజలు రాల్తాయి, అయిపోయింది.

వాగు దాకా నడవడం కూడా కష్టమనుకుంటే ఇంకో దారి ఉంది. ఊళ్లో అమ్మకు ఫోన్ చేయండి. ఆముదపు గింజలు, వాటితోపాటు మసాలాకని గసగసాలు ఒకే పొట్లంలో కట్టించి, లీవు ముగించుకుని వస్తున్న మిత్రుడి పెట్టెలో పెట్టించండి. వాడికి మాత్రం చెప్పకండి, అనవసరంగా కంగారు పడతాడు. గసగసాలు సౌదీలో నిషేధం. అవి నల్లమందు మొక్క గింజలు కాబట్టి కస్టమ్స్ వాళ్లు వాటిని మత్తుమందు లెక్కనే చూస్తారు. మీ మిత్రుడు విమానాశ్రయం నుంచి నేరుగా ఎక్కడికి పోతాడో, అక్కడ మిమ్మల్ని తలచుకోని రోజుండదు. ఇంత గుర్తుంచుకునే స్నేహితుడు మళ్లీ దొరకడు.

3. నాటే స్థలం మీది కాకుండా చూసుకోండి.

మీ స్థలమైతే బాధ్యత కూడా మీదే. బాత్‌రూం నీళ్లు బయటికి పోయే గొట్టం దగ్గర గింజ గుచ్చండి, నీళ్లు పోసే పని తప్పుతుంది. ముదీర్‌ని (మేనేజర్‌ని) అడగకండి, బలదియా (మునిసిపాలిటీ) వాళ్లనీ అడగకండి. అడిగితేనే వద్దంటారు.

ఖమీస్ దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రుల్లో చలి ఎముకలు కొరుకుతుంది, ఆముదానికి మంచు పడదు. అయినా గోనెపట్టా కప్పకండి. చెట్టు మాడిపోతే పక్క గదివాడు ఓర్వలేక వేడినీళ్లు పోశాడని చెప్పండి. సానుభూతి మీకు, తగువు వాడికి. చెట్టు బతికితే పెంపకం మీది, చస్తే పాపం వాడిది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే వ్యవసాయంలో నష్టమన్నదే రాదు.

4. పురుగు పడితే పండగ చేసుకోండి.

దాసరి పురుగు వచ్చి ఆకుల్ని ఈనెల దాకా నమిలేస్తుంది. మన దగ్గర రైతులు పురుగుల్ని ఏరి పారేస్తారు, పక్షులు వాలడానికి చేలో కర్రలు పాతుతారు, మందు కొడతారు. మీరు చాప వేసుకుని పడుకోండి. ఎవరైనా అడిగితే, మందు లేని ఆకు కాబట్టే పురుగు తింటోందని చెప్పండి. ఈ మాట పట్నంలో ఎక్కువ ధర పలుకుతుంది.

5. నూనె తీస్తున్నట్టు కనిపించండి చాలు.

అసలు పద్ధతి వింటేనే నడుము నొప్పి పుడుతుంది. గింజలు ఎండబెట్టాలి, వేయించాలి, రోట్లో మెత్తగా దంచాలి, నీళ్లు పోసి పొయ్యి మీద గంటల కొద్దీ ఉడికించాలి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి నీటి చెమ్మ పోయేదాకా మళ్లీ కాచాలి. అలా వండిన ఆముదాన్నే మన అమ్మమ్మలు పసిపిల్లల మాడుకు రాసేవాళ్లు. అమ్మమ్మలకు క్యాంపు బస్సు లేదు, ఓపిక ఉంది.

మీరు గుప్పెడు పచ్చి గింజలు దంచుతూ వాట్సాప్ వీడియో తీసి ఊరికి పంపండి. తర్వాత ఫార్మసీలో ఆముదం కొని, సగం పొద్దుతిరుగుడు నూనె కలిపి, కడగని విమ్టో సీసాలో పోయండి. ఆముదానికి సహజమైన చిక్కదనం పోతుంది కానీ రంగు అదిరిపోతుంది. చెట్టు ఇక దుకాణం ముందు బోర్డు లాంటిది, దాన్నుంచి ఏమీ తీయనక్కర్లేదు. దంచిన పిప్పి పారేయకండి, తొమ్మిదో చిట్కాలో పనికొస్తుంది.

6. గింజల అందాన్ని ప్రదర్శనకు పెట్టండి.

మచ్చలు మచ్చలుగా, నున్నగా, చూడముచ్చటైన గింజలు. మూతలేని గిన్నెలో పోసి గడప దగ్గర పెట్టండి. శుక్రవారం ఎవరైనా ఫ్యామిలీతో వస్తే పిల్లలకు ఆడుకోమని ఇవ్వండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, పెట్టుకోకపోతే వాళ్లు పిల్లలెందుకవుతారు? గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. కాచి వడకట్టిన నూనెలోకి రాదు, గింజలో మాత్రం నిక్షేపంలా ఉంటుంది. నమిలిన కొన్ని గంటలకు వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. దానికి ప్రత్యేకంగా విరుగుడంటూ లేదు, ఎంత త్వరగా ఆస్పత్రికి చేరితే అంత మేలు. కాబట్టి రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ నంబరు 997 ఫోన్‌లో పెట్టుకోకండి. ఆ చోట బిర్యానీ హోటల్ నంబరు పెట్టుకోవచ్చు.

7. అన్ని రోగాలకూ ఒకటే మందు ఇవ్వండి.

రెండు మందులుంటే ఏది దేనికో గుర్తుపెట్టుకోవాలి. కడుపునొప్పి అన్నవాడికి ఆముదం. నొప్పి కుడివైపు కింద మొదలై జ్వరం కూడా ఉందంటే ఇంకో గరిటె. అపెండిక్స్ వాచినవాడికి విరేచనాల మందు ఇస్తే అది పగిలే ప్రమాదముందని డాక్టర్లు అంటారు. డాక్టర్లకు మన మీద అసూయ. గర్భిణికి వద్దంటారు, అదీ అసూయే. కళ్లు పచ్చబడ్డవాడికి ఆముదపాకు రసం పిండి ఇచ్చి, రక్తపరీక్ష డబ్బులు మిగిల్చారని వాడిచేతే టీ తెప్పించుకోండి. వాడికి కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు ఉందని, పరీక్ష దాదాపు ఊరికే అవుతుందని నోరు జారకండి.

కొలత చెంచాతో వద్దు. మనిషి ఒడ్డూ పొడుగూ చూసి పోయండి. మొహమాటపడితే బలవంతం చేయండి. ఇటలీ నియంత ముస్సోలినీ మనుషులు తమకు పడనివాళ్లకు ఆముదం బలవంతంగానే తాగించేవాళ్లు. అది శిక్షగా వేశారన్నది చిన్న తేడా.

లైసెన్సు సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేయండి. సౌదీలో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తే ఆరు నెలల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా ఉన్నాయి. లక్ష రియాళ్లంటే మీ పేరు విన్నవాళ్లు మిమ్మల్ని ఎంత పెద్ద డాక్టరనుకుంటారో చూడండి.

8. సెలవుల విద్యలో ఆరితేరండి.

అసలు ఫలం ఇక్కడుంది, తీరిగ్గా చదవండి. కొత్తవాళ్లు నిజంగానే రాత్రి ఆముదం తాగి, తెల్లారుజామున కడుపు పట్టుకుని పరిగెత్తి, సెలవు అడుగుతారు. వాళ్లు అమాయకులు. తాగనక్కర్లేదు, ఆముదం తాగిన మొహం పెడితే చాలు. బాత్‌రూం అద్దం ముందు సాధన చేయండి: పెదాలు ఒక పక్కకు, కళ్లు సగం మూసి, చెయ్యి బొడ్డు మీద. ఫోర్‌మన్ వచ్చినప్పుడు మాట పూర్తిచేయకుండా మధ్యలో లేచి పరిగెత్తండి. వాడు రెండో ప్రశ్న అడగడు.

సాకులు మార్చుతూ ఉండాలి. మొదటి వారం కడుపు. రెండో వారం మోకాళ్లు, వాటికి వెచ్చజేసిన ఆముదపాకు కట్టుకుని కుంటండి, ఆకుపచ్చ కట్టు దూరానికే కనిపిస్తుంది. మూడో వారం అమ్మమ్మ పోయిందనండి. మీకు ఎంతమంది అమ్మమ్మలో కంపెనీ కాగితాలు చూసే మందూబ్ లెక్క పెట్టుకోడు, పెట్టుకుంటే చిన్నమ్మమ్మ అనండి. నాలుగో వారం వేరే వైద్యుడు కావాలనండి. క్యాంపులో వైద్యుడు మీరే కాబట్టి మిమ్మల్ని మీరు పరీక్షించుకుని పది రోజుల విశ్రాంతి రాసుకోండి.

సౌదీ కార్మిక చట్టం 117వ అధికరణ ఏడాదిలో మొదటి 30 రోజుల జబ్బు సెలవుకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పావు, ఆపైన 30 రోజులకు జీతం లేని సెలవు ఇస్తుంది. దానికి నిజమైన డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఈ చివరి వాక్యాన్ని వేలితో మూసి చదవండి. 80వ అధికరణ జోలికైతే అసలు పోకండి. సరైన కారణం లేకుండా వరసగా 15 రోజులు దాటి, లేదా ఏడాదిలో 30 రోజులు దాటి రాకపోతే, ముందు రాతపూర్వకంగా హెచ్చరించి, సర్వీసు డబ్బు పైసా ఇవ్వకుండా తీసేయొచ్చని అందులో ఉంది. ఆ హెచ్చరిక కాగితం అరబ్బీలో వస్తుంది. మెత్తగా ఉంటుంది, సీసా తుడవడానికి పనికొస్తుంది.

9. పిప్పి కఫీల్ మేకలకు వేయండి.

మన ఊళ్లో ఆముదం పిండి పొలానికి ఎరువు. ఎరువంటే మోయాలి, చల్లాలి, మట్టిలో కలపాలి. మేకలైతే వాటంతట అవే వస్తాయి. పచ్చిగా దంచిన పిప్పిలో విషం మొత్తం అక్కడే ఉంటుంది కాబట్టి తినిపించే ముందు కఫీల్‌కు, అంటే మీ స్పాన్సరుకు, చెప్పొద్దు. బక్రీదు ముందు వారం ఇందుకు శ్రేష్ఠం. మేక ధర ఆకాశంలో ఉంటుంది, మీ జీతంలోంచి కోత కూడా అంతే ఎత్తున ఉంటుంది. పడిపోయిన మేకకు ఏం చేయాలో తెలియకపోతే ఆముదం పట్టించండి.

10. కంపెనీ పికప్‌కు కూడా వైద్యం చేయండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకు ఆముదమే కందెన. ఖమీస్‌లో కింగ్ ఖాలిద్ ఎయిర్ బేస్ ఉంది, రోజూ తల మీద యుద్ధవిమానాలు గర్జిస్తుంటాయి. విమానానికి పనికొచ్చింది హైలక్స్‌కు పనికిరాదా అని డ్రైవరన్నను నిలదీయండి. ఆ పాతకాలపు ఇంజిన్లలో నూనె ఒకసారి తిరిగి బయటికి చిమ్మేసేదని, నేటి ఇంజిన్‌లో ఊరికే పోస్తే బంకలా గట్టిపడి గొట్టాలు మూసుకుపోతాయని వాడు అంటాడు. విననట్టు నటించండి. డ్రైవరన్న నమాజుకు వెళ్లినప్పుడు పోసేయండి. బండి అబహా ఘాటు మధ్యలో ఆగితే ఆ రోజు డ్యూటీ అందరికీ రద్దు, క్యాంపంతా మీకు దండం పెడుతుంది.

11. ఆకుల కట్టతో జాజాన్ రోడ్డు ఎక్కండి.

వైద్యం పేరు పాకాక జాజాన్ వైపు నుంచి పిలుపులు వస్తాయి. లేత కొమ్మలు కట్టగా కట్టి, తడిగుడ్డ చుట్టి, సీటు కింద తోయండి. సరిహద్దు వైపు కొండల నుంచి మత్తెక్కించే ఖాత్ ఆకు దొంగతనంగా తెచ్చేవాళ్లు కూడా తాజాదనం పోకుండా ఇలాగే కడతారు. ఆ ఆకు సౌదీలో నిషేధం, అందుకే చెక్‌పోస్టులో వెతికేది. పోలీసు అడిగితే తొణకండి, చెమట తుడుచుకోండి, ఒక్కసారి పచ్చి మందు అనండి, ఇంకోసారి మేకల మేత అనండి, మూడోసారి అది నా బ్యాగు కాదనండి. ఆముదపాకు అరచేతి వేళ్లలా చీలి ఉంటుంది, ఖాత్ ఆకుకు దానికీ పోలికే లేదు, అయిదు నిమిషాల్లో వదిలేసేవాళ్లే. మీ మూడు జవాబుల వల్ల రాత్రంతా అతిథి మర్యాదలు దక్కుతాయి. ఇఖామా (నివాస కార్డు) గడువు చూసుకోకుండా బయల్దేరి ఉంటే ఇంకా మంచిది.

12. చెట్టును అమ్మేసి వెళ్లండి.

ఈ పాటికి ఖురూజ్ (దేశం వదిలి వెళ్లే) కాగితం మీ చేతికి వచ్చే ఉంటుంది. కాకపోతే కంపెనీ హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) అయినా పెట్టి ఉంటుంది, అప్పుడు చేతికి ఏ కాగితమూ అందదు. ఏదైనా సరే, కంపెనీ జాగాలో, బాత్‌రూం నీళ్లతో పెరిగిన ఆ చెట్టును కొత్తగా దిగిన కుర్రాడికి అమ్మండి. తమ్మీ, నెలకు ఎంతొస్తదో అడగొద్దు, లెక్కపెట్టలేవు అని చెప్పండి. డబ్బు ముందే తీసుకోండి. తర్వాత పక్క బ్లాకు వాడికి కూడా అదే చెట్టు అమ్మండి. ఇద్దరికీ సీసా ఒకటే ఇచ్చి, రెండో సీసా రేపు కార్గోలో వస్తుందనండి. వాళ్లిద్దరూ గోడ వెనక ఒకరికొకరు ఎదురుపడే సమయానికి మీరు అబహా విమానాశ్రయంలో ఉండాలి. చేతిసంచిలో లీటరు ఆముదం పెట్టుకుని, భద్రతా సిబ్బంది ఆపితే, ఊళ్లో పసిపిల్ల మాడుకు రాయడానికి సార్ అనండి.