ఐదొందల గుర్రాల ఊరేగింపు

వేసవి సెలవుల్లో సరస్సు దాకా పడవ లాక్కెళ్ళడానికి అమెరికా పెద్దమనిషికి ఐదొందల గుర్రాలు కావాలి. ఒక్కటి తగ్గినా పరువు తక్కువ. అందుకే ఫోర్డ్ కంపెనీ 2023 మోడల్ సూపర్ డ్యూటీ పికప్ కోసం 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్ నుంచి 500 హార్స్‌పవర్, 1,200 పౌండ్-అడుగుల టార్క్ పిండింది. అదే రోడ్డు మీద 36 టన్నులతో పోయే పద్దెనిమిది చక్రాల లారీకి 15 లీటర్ల ఇంజన్ ఉండి కూడా చాలాసార్లు అన్ని గుర్రాలు ఉండవు. పాపం, దానికి పది లక్షల మైళ్ళు తిరగాలన్న చాదస్తం.

1989లో డాడ్జ్ పికప్‌కి కమిన్స్ ఇంజన్ బిగించినప్పుడు వచ్చింది 160 గుర్రాలు, 400 టార్క్. పొలం యంత్రాల్లో పనిచేసిన మోటు సరుకు. చెవులు గింగురుమనే మోత. ఆ ముసలివి కొన్ని ఇంకా చావకుండా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త బండి అమ్ముకునేవాడికి ఇంతకన్నా చేటు ఏముంటుంది? 2001లో జనరల్ మోటార్స్ 300 అంది. 2003లో ఫోర్డ్ 325 అంది. ఆ 6.0 లీటర్ల ఇంజన్ పేరెత్తితే అక్కడి మెకానిక్కుల ఇళ్ళల్లో పండగ.

ఆ 325 కూడా ఆనని మహానుభావులు ఇంజన్ శక్తిని ఇంకా పెంచే ట్యూనర్ పెట్టించారు. బానెట్ ఎత్తి చూద్దాం. టర్బో మరింత గాలి తోస్తుంది, ఇంజెక్టర్ మరింత డీజిల్ చిమ్ముతుంది, సిలిండర్లో ఒత్తిడికి హెడ్ బోల్టులు సాగుతాయి. హెడ్ వెంట్రుకవాసి లేస్తుంది. గ్యాస్కెట్ సందులోంచి మంట తాలూకు ఒత్తిడి కూలెంట్లోకి దూరి దాన్ని బయటికి కక్కిస్తుంది. కూలెంట్ డబ్బా మూత చుట్టూ తెల్లటి చారలు కడతాయి. అవి చూశాక ఓనరు మొహానిదీ అదే రంగు. వెనక బరువైన ట్రైలర్, ఎదురుగా పొడవాటి కొండ ఉంటే ముచ్చట ఇంకా ముదురుతుంది: ఎగ్జాస్ట్ వేడి 1,300 ఫారన్‌హీట్ దాటి అక్కడే కూర్చుంటే అల్యూమినియం పిస్టన్లకు మూడినట్టే.

కొందరికి నల్లపొగ వదిలితేగాని మగతనం కాదు. అందుకు కాలుష్యాన్ని ఆపే పరికరాలు పీకి పారేస్తారు. పదేళ్ళలో అలా పీకిన డీజిల్ పికప్‌లు ఐదున్నర లక్షలకు పైనేనని 2020లో అమెరికా పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. ఆ నలుపు పూర్తిగా మండని డీజిలే. డబ్బిచ్చి కొన్నది వెనకొచ్చేవాడి ఊపిరితిత్తులకు దానం!

ఇక లాగుడు సామర్థ్యానికి పెట్టే పరీక్ష. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ళ ఎక్కుడు దారి, 100 డిగ్రీల ఎండ, ఏసీ నిండుగా. పరీక్ష ఘనమైనదే. కాకపోతే అది అడిగేది ఎక్కిందా అని. పదో ఏడు కూడా ఎక్కుతుందా అని కాదు.

ఇదంతా ఫోర్డ్ కంపెనీకి తెలియదా? భేషుగ్గా తెలుసు. అదే 6.7 లీటర్ల ఇంజన్ని ఎఫ్-550 చాసిస్‌లో పెట్టి అంబులెన్సు వాడికీ, కరెంటు స్తంభాల వాడికీ, రోజూ లాగి పొట్టపోసుకునే వాడికీ ఇచ్చేటప్పుడు 330 గుర్రాల దగ్గరే కళ్ళెం బిగిస్తుంది. వాడి బండి ఆగితే కూలి ఆగుతుంది; వాడు ఊరుకోడు. ఊరేగేవాడి బండి ఆగితే ఫోన్ చేస్తాడు. అప్పుడొచ్చే టో ట్రక్కు మీద చూడండి, ఎఫ్-550 అని ఉంటే ఆశ్చర్యపోకండి. 330 గుర్రాలవాడు దిగి, ఐదొందల గుర్రాలకు గొలుసు తగిలిస్తూ అడుగుతాడు:

“ట్యూనింగేమైనా చేయించారా సార్?”