మొహమాటస్తులకు ఎంక్వయిరీ చిట్కాలు

మీరు ఆయిల్‌పామ్ గెలల కాటా దగ్గర గుమస్తా అనుకుందాం. చీటీలో బరువు ఒకటి, రిజిస్టర్లో బరువు ఇంకొకటి. మర్నాడు పొద్దున్నే మేనేజర్ గారు "ఒకసారి లోపలికి రావయ్యా" అన్నారు. పెదవేగి తోటల నుంచి తాడేపల్లిగూడెం బియ్యం మిల్లుల దాకా, కొల్లేటి అంచున ఐసు ఫ్యాక్టరీల దాకా ఇలాంటి పిలుపు అందుకున్నవాళ్లకు టీకొట్టు దగ్గర ఉచితంగా దొరికే సలహాలివి. వరసగా పాటిస్తే వ్యవహారం చాలా త్వరగా తేలిపోతుంది.

1. నోటీసు తీసుకోకండి

రిజిస్టర్డ్ పోస్టు వస్తే వద్దని తిప్పి పంపండి. "నిరాకరించారు" అని రాసి ఉన్న కవరు వెనక్కి వెళ్తే, చట్టం లెక్కలో అది మీకు అందినట్టే. ఏ రోజు, ఏ లారీ, ఎంత తేడా అని మీ మీద అభియోగం మోపారో ఆఫీసంతా తెలుస్తుంది, మీకు తప్ప. జవాబివ్వాల్సిన గడువు దానంతటదే అయిపోతుంది.

2. చూపించిన చోటల్లా సంతకం పెట్టండి

"తర్వాత నింపుకుంటాంలే" అన్న తెల్లకాగితం మీద అయితే ఇంకా ముందు. అంత పెద్దాయన్ని కాపీ అడిగితే ఏం బాగుంటుంది? ఈ పెదవేగిలోనే దొరికిన శాలంకాయన నందివర్మ శాసనం చూడండి. ఇచ్చిన దానం వివరాలు రాగిరేకుల మీద చెక్కించుకున్నారు. సాక్షాత్తూ రాజుగారి నోటిమాట చాలదనుకున్న మనుషులు వాళ్లు. మీరు అంత అపనమ్మకస్తులు కారు.

3. క్షమాపణ పత్రం రాసిచ్చేయండి

"ఒక్క లెటర్ రాసిచ్చెయ్, ఇక్కడితో వదిలేద్దాం" అనగానే పెన్ను తీయండి. "తెలియక చేశాను, ఇకముందు చేయను" అంటే చాలు. కాటా చెడిపోయిందా, ఆ షిఫ్టులో ఇంకెవరైనా ఉన్నారా అని వెతికే శ్రమ అందరికీ తప్పుతుంది. క్రిమినల్ కోర్టులోలా సందేహానికి తావులేని రుజువు శాఖాపరమైన విచారణలో అక్కర్లేదని, నిడదవోలు స్టేషన్లో పనిచేసిన ఒక ఎస్సై కేసులో సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. ఎంతో కొంత ఆధారం ఉంటే సరిపోతుంది. మీ చేతిరాతే దొరికాక ఇంక వేరే ఆధారం ఎందుకు?

4. ఎదురు ప్రశ్న వేయకండి

మేనేజ్‌మెంట్ సాక్షులను మీ ఎదుటే విచారించాలి. వాళ్లను మీరు ప్రశ్నించవచ్చు, మీ సాక్షులను పిలిపించవచ్చు. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే కంపెనీ సర్వీసు నిబంధనలు, ఉన్న చోట తోటి కార్మికుణ్ణో యూనియన్ మనిషినో సాయం తెచ్చుకోవచ్చు. కానీ సాక్షి సూపర్‌వైజర్ గారాయె! రేపు మళ్లీ ఆయన మొహం చూడొద్దూ? మరీ ఇబ్బందిగా ఉంటే వెళ్లడమే మానేయండి. ఎక్స్‌పార్టీ అని రాసుకుని ఒక్క పూటలో ముగించేస్తారు.

5. విచారించేది ఎవరని అడగకండి

ఫిర్యాదు చేసినాయనే ఎంక్వయిరీ ఆఫీసరుగా కూర్చుంటే సంతోషించండి, కేసు ఆయనకు మొదట్నుంచీ కంఠతా వచ్చు. ఉత్తర బెంగాల్లోని మీన్‌గ్లాస్ టీ తోట కార్మికులకు ఈ సౌకర్యం నచ్చలేదు. తమను కార్మికులు కొట్టారన్న మేనేజర్లే వాళ్లను విచారించారు. అది విచారణే కాదని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు అంత పట్టుదల వద్దు. అభ్యంతరం ఉంటే మొదటి రోజే కాగితం మీద పెట్టకుండా ఇంటికొచ్చి ఆవిడతో చెప్పుకోండి.

6. సస్పెన్షన్లో డబ్బు మాట ఎత్తకండి

స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే ఫ్యాక్టరీలో మొదటి 90 రోజులు జీతంలో సగం, జాప్యం మీ వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పాతిక ఇవ్వాలి. పాత చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కోలార్ బంగారు గనుల్లో సస్పెండైన ఒక భద్రతాధికారికి ఈ భృతి ఇవ్వకుండా, ఆయన లేకుండానే విచారణ ముగించారు. తిండికీ ప్రయాణానికీ డబ్బులేని మనిషి విచారణకు ఎలా వస్తాడని 1999లో సుప్రీంకోర్టు ఆ విచారణను కొట్టేసింది. అవన్నీ ఆయన తంటాలు. మీకు అప్పిచ్చే బావమరిది ఉన్నాడు.

7. రిపోర్టు చేతికొచ్చినా చదవకండి

హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఒక మాట ఖరారు చేసింది. శిక్ష వేసేముందు ఎంక్వయిరీ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి తీరాలి. అతను అడిగినా అడగకపోయినా ఇవ్వాలి. ప్రభుత్వమా ప్రైవేటా అన్న తేడా లేదు. అదే తీర్పులో ఒక మెలిక కూడా ఉంది. కాపీ ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగిరాదు, దానివల్ల తనకేం నష్టం జరిగిందో ఉద్యోగి చూపించాలి. అంటే రిపోర్టులో తప్పులు పట్టుకుని, ఒక్కోదానికీ జవాబు రాయాలి. అంత ఓపిక ఎక్కడిది? మడిచి బీరువాలో పెట్టండి.

8. తీసేశాక ఎదురుచూడండి

"అయ్యగారు మంచివారు, కోపం తగ్గాక పిలుస్తారు" అనుకోండి. కార్మిక శాఖకు వెళ్లడానికి గడువుంటుందని, తప్పుకు మించిన శిక్ష పడితే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పేవాళ్లను గుమ్మం తొక్కనివ్వకండి. ముందు గడువు దాటనివ్వండి, తర్వాత ఏలూరు బస్సెక్కుదురు గాని.

చివరిగా ఒక్క మాట. ఎంక్వయిరీలో మొహమాటపడి ఉద్యోగం పోగొట్టుకున్న మేనేజర్ ఒక్కడంటే ఒక్కడు కూడా ఇంతవరకు నాకు తగల్లేదు.