నొక్కుతున్నదెవరు?

డబ్బా టీవీ తెర అడుగున ఆకుపచ్చ గీతలు వరసగా పరుచుకుని, చివర ఒక అంకె తగిలించుకుని, సినిమా మొదలైనప్పటి నుంచి శుభం కార్డు పడేదాకా కదలకుండా కూర్చుంటే ఇంట్లో ఏ వైద్యం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ముందు రిమోట్‌ను అరచేతికేసి కొడతారు. తర్వాత దాని వెనక మూత తీసి బ్యాటరీలను బొటనవేలితో దొర్లిస్తారు. అదీ పనిచేయకపోతే టీవీ నెత్తిన మొట్టికాయ. ఆఖరికి కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి, వాడి వల్లే ఇదంతా అయినట్టు నాలుగు మాటలంటారు. వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: టీవీకి జబ్బు చేసింది. నేను ఒప్పుకోను. ఆ గీతలు టీవీ ఇస్తున్న వాంగ్మూలం. ఎవరో బటన్ నొక్కుతున్నారని అది మొత్తుకుంటోంది, చాలాసార్లు నిజమే చెబుతోంది కూడా. నొక్కుతున్నదెవరో తేల్చడం మన పని. సాక్షిని కొట్టడం ఏ దర్యాప్తులోనూ మొదటి మెట్టు కాకూడదు.

అసలు ఆ గీతలు ఎక్కడి నుంచి వస్తాయో చూస్తే సగం అనుమానాలు పోతాయి. మర తిప్పే టీవీల రోజుల్లో వీటి అవసరమే లేదు. శబ్దం ఎంత పెట్టారో మరే చెప్పేది. 1995లో జెమినీ, ఈటీవీ మొదలై, వాటి వెనకే మిగతావన్నీ క్యూ కట్టాక, ప్రతిసారీ లేచి వెళ్లి మర తిప్పే ఓపిక జనానికి తగ్గిపోయింది. మర స్థానంలోకి రిమోట్, రిమోట్ మాట వినడానికి టీవీ లోపలికి ఒక మైక్రోకంట్రోలర్ ఐసీ వచ్చాయి. మన డబ్బా టీవీ బొమ్మను 625 గీతలుగా, సెకనుకు 25 సార్లు, అంటే సెకనుకు 15,625 గీతల చొప్పున గీస్తూ పోతుంది. ఐసీ పక్కన నిలబడి ఆ గీతలు లెక్కపెడుతుంటుంది. తనకు కావలసిన గీత రాగానే, బొమ్మను ఒక్క లిప్తపాటు పక్కకు నెట్టి, తన ఆకుపచ్చ రంగు పంపుతుంది. బొమ్మ వచ్చే దారి వేరు, అక్షరాలు వచ్చే దారి వేరు. కేబుల్ పీకేసి తెర అంతా నీలంగా ఉన్నప్పుడు కూడా వాల్యూమ్ గీతలు శుభ్రంగా కనిపిస్తాయి కదా, అదే సాక్ష్యం. కాబట్టి కేబుల్ అబ్బాయి నిర్దోషి. పిక్చర్ ట్యూబు కూడా నిర్దోషే. చెప్పిందల్లా గీసిపెట్టడం తప్ప దానికి వేరే పాపం తెలియదు.

ఇక గీతలు ఎందుకు పోవడం లేదనే సంగతి. బటన్ మీద నుంచి వేలు తీశాక నాలుగైదు సెకన్లు లెక్కపెట్టి ఐసీ వాటిని చెరిపేస్తుంది. ఈలోగా మళ్లీ నొక్కితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అంటే గీతలు గంటల తరబడి ఉన్నాయంటే చెరపడం దానికి చేతకాక కాదు, చెరిపే సమయం ఎవరూ ఇవ్వక. ఇంకా గట్టి రుజువు గీతల కొసలోనే ఉంది. అంకె పెరిగి పెరిగి చివరిదాకా పోయి అక్కడ ఆగిందా, శబ్దం పెంచే బటన్ నొక్కుకుపోయింది. సున్నా దగ్గర చతికిలబడి బొమ్మ మూగదైందా, తగ్గించే బటన్ నొక్కుకుపోయింది. నిందితుడి పేరు తెర మీద పచ్చని అక్షరాల్లో రాసుంటే, మనం మాత్రం బ్యాటరీలు దొర్లిస్తూ కూర్చుంటాం. టీవీని ఆపి మళ్లీ వేసే వైద్యం కూడా ఇక్కడ నిలవదు. ఐసీ నిద్ర లేచేసరికి ఆ బటన్ నొక్కే ఉంటుంది.

‘ఎవరూ నొక్కడం లేదండీ, రిమోట్ దివాన్ మీద ఊరికే పడుంది’ అంటారు. ఊరికే పడున్న రిమోట్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు విప్పకుండా, అది జారిపోకుండా పైన రబ్బరు బ్యాండు బిగించి ఉంటుంది. ఆ బ్యాండు సరిగ్గా వాల్యూమ్ బటన్ మీదుగా పోతుంది. దుమ్ము పడకూడదని చేసిన ఏర్పాటే రాత్రీ పగలూ బటన్ నొక్కుతోందన్నమాట. కవరు లేని రిమోట్‌ది ఇంకో కథ. బటన్ల కింద రబ్బరు పలక, దాని అడుగున నల్లని కార్బన్ చుక్కలు ఉంటాయి. టీ ఒలికితే, ఆవకాయ కలిపిన చేత్తో ఛానెల్ మారిస్తే, ఆ పలక జిగురెక్కి లోపలి పలకకు అంటుకుపోతుంది. తేల్చుకోవడం సులువు. రిమోట్ బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి. గీతలు పోయాయా, దొంగ దొరికాడు. కొత్త బ్యాటరీలు చూస్తుండగానే అయిపోతున్నా అదే లెక్క, ఎవరూ పిలవకుండానే రిమోట్ పనిచేస్తోందని. సెల్‌ఫోన్ కెమెరాలో రిమోట్ ముందు బుడ్డీని చూస్తే, కంటికి కనిపించని ఆ వెలుగు చాలా ఫోన్లలో ఊదారంగులో మినుకుమంటుంది. బటన్ ముట్టుకోకుండానే మినుకుమంటే ఇక విచారణ అక్కర్లేదు. పక్కింటివాళ్ల రిమోట్ వల్ల అనే సిద్ధాంతం కూడా చాలా ఇళ్లలో చలామణీలో ఉంది. కిటికీకి ఎదురుగా కిటికీ, రెండిళ్లలోనూ ఒకే కంపెనీ టీవీ అయితే ఏమోగానీ, ఆ వెలుగు గోడ దాటలేదు. సీఎఫ్ఎల్ బల్బు మీద మోపే నేరమూ అంతే. అది రిమోట్ మాట టీవీ చెవిన పడకుండా అడ్డుపడగలదు, తనంతట తాను ఆజ్ఞ ఇవ్వడం మాత్రం కష్టం. చాలా రిమోట్లు వాడే ఒక పద్ధతిలో ప్రతి ఆజ్ఞనూ ఒకసారి సూటిగా, మరోసారి తిరగేసి పంపుతారు. రెండూ సరిపోలకపోతే టీవీ లెక్కచేయదు. బల్బు అంత జాగ్రత్తగా అబద్ధం ఆడలేదు.

రిమోట్ నిర్దోషి అని తేలితే మిగిలింది తెర కింద ఉండే బటన్ల వరస. పైకి కనిపించేది ప్లాస్టిక్ ముక్క. దాని వెనక అసలు స్విచ్ ఆరు మిల్లీమీటర్ల చదరపు డబ్బీ, నాలుగు కాళ్లు, లోపల ఉబ్బెత్తుగా ఒక పల్చటి లోహపు బిళ్ల. నొక్కితే బిళ్ల టిక్కుమని లోపలికి వంగి రెండు కాళ్లను కలుపుతుంది, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి దుమ్మూ చెమ్మా తిన్నాక ఆ బిళ్ల కింద సన్నని తుప్పు పొర పడుతుంది. మచిలీపట్నం, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ పని ఇంకా తొందరగా అవుతుంది. అప్పుడు స్విచ్ పూర్తిగా కలవదు, పూర్తిగా విడిపోదు. ఇక్కడే అసలు తమాషా. చాలా టీవీల్లో ఈ బటన్లన్నీ ఒకే తీగ మీద ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో విలువ రెసిస్టర్. ఏ బటన్ నొక్కితే దానికి తగ్గట్టు తీగ మీద వోల్టేజీ మారుతుంది, ఐసీ దాన్ని కొలిచి ఇది వాల్యూమ్, ఇది ఛానెల్, ఇది మెనూ అని పోల్చుకుంటుంది. ఒక స్విచ్ చెమ్మకు కాస్త లీకైతే కొలత తప్పుతుంది. ఛానెల్ నొక్కితే మెనూ రావడం, ముట్టుకోకుండానే వాల్యూమ్ పాకడం, వానాకాలంలో వచ్చిన గీతలు టీవీ కాసేపు వేడెక్కాక మాయం కావడం, అన్నీ దాని లీలలే. దెయ్యం పట్టిందనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఆధారాలు దొరకవు.

మొట్టికాయ వైద్యుల అభ్యంతరం ఒకటి మిగిలింది: ‘కొడితే పోయింది కదా!’ పోతుంది, నిజమే. ఇరుక్కున్న ప్లాస్టిక్ బటన్ దెబ్బకు బయటికొస్తుంది, బిళ్ల కింద తుప్పు కాస్త రాలుతుంది. అది నా వాదనకే బలం. ఐసీ పోయి ఉంటే మొట్టికాయకు బాగుపడేది కాదు. దీనికి అటు కొసన ఉండేది, చూడకుండానే ‘ఐసీ పోయిందమ్మా’ అనే తీర్పు. ఐసీలు పోవని కాదు, పక్కనే ఉండే మెమరీ ఐసీలో రాతలు చెడి టీవీ పిచ్చిచేష్టలు చేయడమూ ఉంది. కానీ ఆ తీర్పు ఇచ్చేముందు బటన్ల బోర్డు నుంచి వచ్చే తీగను లాగి చూడమనండి. గీతలు పోతే ఐసీ బతికే ఉంది, ఖర్చు చాయ్ ఖరీదు కూడా చేయని స్విచ్‌ది. ఆ లాగడం మాత్రం మెకానిక్కే చేయాలి. రంగుల డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టులు దాటిన కరెంటు ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంత అందులో నిలవుంటుంది. స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉండటం అర్హత కాదు.

నా సూత్రానికి లొంగని రాతలూ ఉన్నాయి. మూలన ఛానెల్ అంకె ఒక్కటే నిలిచిపోతే, డిస్‌ప్లే బటన్ ఎవరో ఒకసారి నొక్కి ఉంటారు, మళ్లీ నొక్కితే పోతుంది. మ్యూట్ అన్న మాట మ్యూట్ తీసేదాకా ఉండటం దాని ధర్మం. మూలన ఎస్ అనో ఎమ్ అనో ఒంటరి అక్షరం నిలబడితే, మెకానిక్ సర్వీస్ మోడ్ లోంచి టీవీని బయటికి తీసుకురావడం మరిచి ఇంటికెళ్లాడని అర్థం. సెట్‌టాప్ బాక్సు వచ్చాక చిక్కు రెట్టింపైంది. రీఛార్జి చేయమనే నోటీసు, దొంగ రికార్డింగులు పట్టుకోవడానికి అప్పుడప్పుడూ తేలే పొడవాటి నంబరు, ఇవి బాక్సు రాతలు. టీవీ అక్షరాలు గళ్లగళ్లుగా మొరటుగా ఉంటాయి, బాక్సువి నున్నగా ఉంటాయి. టీవీ రిమోట్ మీది ఏవీ (AV) బటన్ నొక్కి బాక్సు నుంచి తప్పుకోండి. రాత దాంతోపాటు పోతే టీవీ విప్పించడం దండగ.

‘ఇంత గొడవెందుకు, కొత్త పల్చటి టీవీ కొనుక్కోక’ అనే మాట బరువైనదే. కానీ కొత్తదాన్ని మొదటిసారి వేసినప్పుడు ఇల్లా, షాపా అని అడుగుతుంది. పొరపాటున షాపు అని చెప్పారా, తెర మీద తన గుణగణాల పట్టీ వేసుకుని తిరుగుతుంది. ఆజ్ఞ ఎవరిచ్చారో వెతకడం అక్కడా తప్పదు. పాతదే చాలనుకుంటే, స్విచ్ మార్చే ఓపిక లేని మెకానిక్ బటన్ల తీగనే శాశ్వతంగా పీకేస్తానంటాడు. రిమోట్ మాట వినే కన్ను కూడా కొన్ని సెట్లలో ఆ బోర్డు మీదే ఉంటుంది కాబట్టి, బటన్ల తీగ ఒక్కటే తీయమని గట్టిగా చెప్పాలి. ఇంకో సంగతి. కరెంటు పోయి వచ్చాక చాలా సెట్లు ఎర్రదీపం వెలిగించుకుని, ఎవరైనా బటన్ నొక్కితే తప్ప లేవవు. తెర కింది బటన్లు లేని ఇంట్లో ఆ పని రిమోట్ ఒక్కటే చేయగలదు, అది సోఫా సందులో దొరికితే. అందుకని ఒప్పుకునే ముందే రెండో రిమోట్ ఒకటి కొని, కవరూ రబ్బరు బ్యాండూ లేకుండా అల్మరాలో పెట్టుకోండి.