మంచుద్రాక్ష పిండిన మర

ఓకుచెక్క బద్దలను తొట్టిగా నిలిపి, ఇనుపకట్లు బిగించి, నడుమ మరలు చుట్టిన ఇనుపకంబమును నాటి నన్ను తీర్చినది, ఉత్తరమున ఏబదవ అక్షాంశము దాటిపోవు జర్మనీదేశపు రైనునదీతీరపు సీమయందు. శరత్కాలమున పండిన ద్రాక్షలను పిండుట నాకు సులభము. ఆ పని ముగిసి తక్కిన మరలన్నియు కడిగి ఆరవేయబడి నిద్రించుచుండగా, నేను మాత్రము తీగలమీదనే విడువబడిన కొన్ని రీస్లింగు ద్రాక్షగుత్తులకొఱకు హేమంతమంతయు మేలుకొని యుండెడిదానను. 1829 కోతలో పశువుల మేతకని విడిచిన గుత్తులు, 1830 ఫిబ్రవరిలో బింగెన్ సమీపమునగల డ్రోమర్స్‌హైం గ్రామమున, మంచులో బిగిసి అపూర్వమైన తీపినిచ్చెనని మాలోని పెద్దమరలు చెప్పుకొనెడివి. మంచుద్రాక్షల మధువగు హిమమధువునకు మా సీమలో అదియే మొదటి కథ.

ఆ రాత్రుల నేమని వర్ణింతును! చలి సున్నకు దిగువ 7 డిగ్రీలకు దిగనిదే అచ్చట గుత్తిని కోయరాదు. తెల్లవారుజామున లాంతరు వెలుగున కోసి తెచ్చిన పండ్లు నాలో పడునప్పుడు గులకరాళ్ళ గలగల వినవచ్చెడిది. కంబమును త్రిప్పినకొలది నా బద్దలు కిఱ్ఱుమని మూలిగెడివి. ఎంతసేపు గడచినను తొట్టిముక్కున చుక్క కానరాదు. పిదప, గడ్డకట్టిన నీరు నాలోనే నిలిచిపోగా, చక్కెరయు పులుపును మాత్రము కలిసి చిక్కని తీగగా జాఱును. మామూలు కోతలో దొరకు రసమున పదింట ఒకటి రెండు పాళ్ళే చేతికందును. ఒక యేడు జనవరి దాకా నిరీక్షించితిమి. చలికి మారుగా వాన వచ్చెను, గుత్తులు తీగలమీదనే కుళ్ళెను, నా తొట్టి తడియైనను తగులక ఎండిపోయెను.

పిమ్మట నన్ను విప్పి ఓడకెక్కించి కెనడాదేశపు నయాగరా సీమకు చేర్చిరి. కార్ల్ కైజర్, డొనాల్డ్ జిరాల్డో అనువారు 1984 కోతతో అచ్చట హిమమధువును చేయ నారంభించిరనియు, వారి 1989 విడాల్ ద్రాక్షమధువు 1991లో బోర్దో నగరమున వినెక్స్‌పో ప్రదర్శనయందు మహాబహుమానమును గెలిచెననియు పనివారు గర్వముతో చెప్పుకొనుచుండిరి. చలికై ఎదురుచూచి భంగపడు బాధ ఇచ్చట అరుదు. నియమము మాత్రము మరింత కఠినము: సున్నకు దిగువ 8 డిగ్రీల చలి యుండవలెను, రసమున నూటికి 35 పాళ్ళకు తగ్గని తీపి యుండవలెను. శీతలయంత్రమున గడ్డకట్టించిన పండ్ల రసమును ఈ పేరుతో అమ్ముటకు ఇచ్చటను, నా పుట్టినసీమయందును చట్ట మొప్పదు. అది నాకు పరమసమ్మతము.

నాకు తెలిసినది రసమేగాని, పీపాలో మాగి సీసాకెక్కిన మధువు గాదు. అయినను బద్దలకంటిన రుచి అబద్ధమాడదు. దళసరి తొక్కగల విడాల్ మంచును చక్కగా ఓర్చుకొనును. దాని రసము తేనెవలె బరువై, నేరేడుపండు తీపి గాక మామిడిపండును, ఆప్రికాటును తలపించు పరిమళముతో నా చెక్కను నింపును. ఇచ్చటి గ్రీష్మపు ఎండ ఆ పండులో దాగియున్నట్లు తోచును. రైను తీరపు రీస్లింగు రసము దీనికంటె పలుచన. కాని నిమ్మవంటి పులుపు తీపిని అడుగడుగునను నిలదీయుచు, నాలుకపై దానిని బరువెక్కనీయదు. విందున కొనియాడదగినది విడాలే యనుట న్యాయము. నా హృదయము మాత్రము ఆ పులుపునకే చెందినది.

2019 కోతకాలపు చలి చాలక, జర్మనీలోని 13 ద్రాక్షసీమలలో ఎచ్చటను హిమమధువు పండలేదన్న వార్త విన్న దినమున నాకు దుఃఖము కలిగెను. ఆ తీరమున నాకు తోబుట్టువులైన మరలెన్నో ఖాళీగా కూర్చుండి యుండును గదా!

మా యజమాని తోటయంచున నాలుగు వరుసలు రీస్లింగును పెంచుచున్నాడు. మొన్నటి కోతరాత్రి, విడాల్ ముగిసి నన్ను కడిగిన పిదప, ఆ గుత్తులను తెచ్చి నాలో పోసిరి. కంబము తిరిగెను, చాలసేపటికి తొలిచుక్క బద్దసందున నిలిచెను. పాతతీరపు రసముకంటె చిక్కనైనదే, కాని పులుపదియే. ఆ చుక్క జాఱకముందే నేను దానిని గుర్తుపట్టితిని.