నెల రోజుల సిపాయి, పదకొండు నెలల నాయకుడు

సైన్యంలో ఉన్నవాడు రాజకీయాల జోలికి పోకూడదు. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 20వ రూలు ఈ సంగతి బల్లగుద్ది చెబుతుంది. పార్టీ మీటింగుకు వెళ్లకూడదు, వెళ్లి మాట్లాడకూడదు, పార్టీలో చేరకూడదు, చందా ఇవ్వకూడదు, ఫలానా ఎన్నికల్లో నిలబడుతున్నానని జనానికి చెప్పుకోకూడదు. 21వ రూలు ఇంకో మెట్టు ఎక్కింది. పైనుంచి అనుమతి లేకుండా రాజకీయ విషయం మీద పత్రికకు ఒక్క ముక్క రాసినా తప్పే. సైనికుల ప్రాథమిక హక్కులకు కత్తెర వేసే అధికారం రాజ్యాంగం 33వ అధికరణమే పార్లమెంటుకు ఇచ్చింది కాబట్టి, భావప్రకటనా స్వేచ్ఛ అని గుండెలు బాదుకున్నా పెద్దగా ఫలితం ఉండదు.

మా వసంత్ కుంజ్‌లో ఈ రూళ్లు ఒంటబట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. పక్కనే శంకర్ విహార్ మిలిటరీ కాలనీ. డీడీఏ ఫ్లాట్ల మెట్లెక్కుతూ నేంప్లేట్లు చదువుకుంటూ పోతే ఒక కల్నలు, ఒక వింగ్ కమాండరు తగలకుండా ఉండరు. మా కింది వాటాలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన సుబేదారు గారున్నారు. మనిషి రిటైరై చాలాకాలమైంది, నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఎవరికి వేశారండీ అని ఎన్నికల రోజు అడిగితే "వేసేశాను బాబూ" అంటారు. అంతకు మించి ఒక్క అక్షరం రాలదు. రెసిడెంట్ల వాట్సాప్ గ్రూపులో 'రాజకీయాలు వద్దు' అన్న నిబంధన పాటించే ఏకైక సభ్యుడు ఆయనే.

అలాంటాయన్ని కదిలించాలని ఓ సాయంత్రం పార్కులో అడిగాను. "సుబేదారు గారూ, ఒకే బెటాలియన్‌లో కాంగ్రెస్ కెప్టెన్ ఒకరు, బీజేపీ కెప్టెన్ ఒకరు ఉన్నారట. మరి మీ 20వ రూలు ఏమైపోయినట్టు?"

"వాళ్లు టీఏ కదా బాబూ" అన్నారాయన, అక్కడితో కేసు కొట్టేసినట్టు.

టీఏ అంటే టెరిటోరియల్ ఆర్మీ. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న రాజాజీ ప్రారంభించారు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకునేవాడు ఏడాదికి నెలో రెండు నెలలో యూనిఫాం వేసుకుని శిక్షణకు వెళ్తాడు, తిరిగొచ్చి తన పని తాను చూసుకుంటాడు. అవసరం పడితే పిలుస్తారు. 1962లో పిలిచారు, 1965లో, 1971లో పిలిచారు. ఏర్పాటు మంచిదే, దాని మీద నాకేం పేచీ లేదు. 2012లో కేంద్రమంత్రిగా ఉండగానే కాంగ్రెస్ నేత సచిన్ పైలట్ ఇందులో లెఫ్టినెంటుగా చేరారు. 2016లో బీజేపీ ఎంపీగా, క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉంటూ అనురాగ్ ఠాకూర్ చేరారు. ఇద్దరిదీ 124వ టీఏ (సిక్కు) బెటాలియనే. రాజకీయాల్లో ఎదురెదురు పార్టీలు, పరేడ్ గ్రౌండులో ఒకే వరస.

ఇక్కడో తమాషా ఉంది. టీఏలో ఆఫీసరు కావాలంటే అభ్యర్థికి సొంత సంపాదన ఉండి తీరాలి. పార్లమెంటు సభ్యుడికేమో లాభదాయక పదవి ఉండకూడదు. అక్కడ ఆదాయం లేకపోతే రానివ్వరు, ఇక్కడ లాభం ఉంటే పొమ్మంటారు. మధ్యలో ఇరుక్కుపోతాడు పాపం అనుకుంటాం. చట్టాలు చేసేవాళ్లు అంత అమాయకులా? 1959లోనే అనర్హతల నివారణ చట్టం తెచ్చి టీఏ కొలువును ఆ లెక్కలోంచి తప్పించారు. ఇక ఎంపీగిరీ సంపాదన కిందికి వస్తుందా రాదా అన్నది మన దేశంలో ఎవరినీ అడగాల్సిన ప్రశ్న కాదు.

అసలు కిటుకు టీఏ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. ఆఫీసరు డ్యూటీలో ఉన్నప్పుడే ఆర్మీ చట్టం అతనికి వర్తిస్తుంది. డ్యూటీ అయిపోతే మామూలు పౌరుడు. అచ్చం అయ్యప్ప మాల వ్యవహారమే. మెడలో మాల ఉన్నన్నాళ్లూ మందు ముట్టరు, బూతు మాట్లాడరు, చెప్పులు కూడా వేసుకోరు. కొండ దిగి మాల తీసిన రాత్రి సంగతి మనకు తెలియనిది కాదు. అయ్యప్ప స్వామి కూడా ఆ రాత్రి జోలికి రాడు.

ఆర్మీ చట్టం 37వ సెక్షన్ తిరుగుబాటు గురించి. మరణశిక్ష దాకా వేయొచ్చు. 2020 జూలైలో రాజస్థాన్ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న పైలట్ తన ముఖ్యమంత్రి మీదే తిరగబడి, 18 మంది ఎమ్మెల్యేలతో మా ఊరికి కూతవేటు దూరంలోని మానేసర్ హోటల్లో మకాం పెట్టారు. పదవి పోయింది, నెల తిరక్కుండా రాజీ కుదిరింది, ఆగస్టుకల్లా ఇంటికెళ్లారు. మాల మెడలో లేదు కదా! 38వ సెక్షన్ దళం వదిలి పారిపోయినవాడి గురించి. యుద్ధకాలంలో అయితే దానికీ మరణశిక్షే. పార్టీ వదిలి పారిపోయినవాడికి ఏ శిక్ష వేస్తారో తెలుగు పాఠకులకు నేను చెప్పాలా? ఏదో ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి.

అదే 2020 జనవరిలో ఢిల్లీ ఎన్నికల వేళ రిఠాలా సభలో ఠాకూర్ దేశద్రోహులంటూ ఒక నినాదం సగం అందించారు. కాల్చిపారేయమనే మిగతా సగాన్ని జనం పూర్తి చేశారు. అప్పటికాయన కేంద్రంలో సహాయ మంత్రి, టీఏలో లెఫ్టినెంటు. ఎన్నికల సంఘం 72 గంటలు ప్రచారం చెయ్యొద్దంది. ఎన్నికల సభకు ఎవరూ టీఏ డ్యూటీ మీద వెళ్లరు కాబట్టి 20వ రూలుకు అక్కడ పనే లేదు. తుపాకీ పట్టడంలో శిక్షణ ఉన్నవాడి నోట తుపాకీ మాట వస్తే బరువెక్కువన్న సంగతి ఏ సెక్షన్‌లోనూ లేదు మరి.

ఇదంతా చెప్పి "ఏమంటారు?" అన్నాను. సుబేదారు గారు ఏమీ అనలేదు. జేబులోంచి శనగలు తీసి నా చేతిలో పోశారు.

పార్ట్ టైం సిపాయికి ఇంత వెసులుబాటు మొదటినుంచీ ఉందనుకునేరు. టీఏలో రైల్వే దళాలున్నాయి. అందులో ఉండేది ఎంపీలు కాదు, రైల్వే కార్మికులే. 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైల్వే సమ్మె మొదలైనప్పుడు రైళ్లు నడపడానికి ఆ దళాలను రప్పించారు. నిన్నటిదాకా తోటివాళ్లతో పాటు యూనియన్ జెండా మోసినవాడు యూనిఫాం వేసుకోగానే సిపాయి. సిపాయికి సమ్మె లేదు, నినాదం లేదు. ఇంజన్ ఎక్కమంటే ఎక్కాలి, ఎక్కనంటే కోర్ట్ మార్షల్. ఫైర్‌మన్‌కు యూనిఫాం తొడిగింది నోరు మూయించడానికి. ఎంపీ తొడుక్కునేసరికి అదే యూనిఫాం మైకైంది. ఆ సమ్మె నడిపిన ఫెర్నాండెజ్ గారే 1998లో రక్షణమంత్రి అయి కూర్చున్నారు. చరిత్రకు హాస్యం తక్కువేం కాదు.

మైకంటే గుర్తొచ్చింది. 2019 మార్చిలో ఢిల్లీ బీజేపీ అధ్యక్షుడు మనోజ్ తివారీ మిలిటరీ రంగుల చొక్కా వేసుకుని బైకు ర్యాలీ తీశారు. ఆయన పార్ట్ టైం సిపాయి కూడా కాదు, సైన్యానికి సంఘీభావం అన్నారు. వారం తిరిగేసరికి, సైనికుల ఫొటోలు ప్రచారానికి వాడొద్దని 2013లో చెప్పిన మాటనే ఎన్నికల సంఘం మళ్లీ చెప్పింది. ఆ జూన్‌లో టీఏ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ ధోనీ గ్లవ్స్ మీద పారా ప్రత్యేక దళాల బలిదాన్ చిహ్నం కనిపిస్తే అంతర్జాతీయ క్రికెట్ మండలి తీసేయమంది. ధోనీ పాపం ఎవరినీ ఓటడగలేదు, వికెట్ల వెనక నిలబడ్డాడంతే.

ఫుల్ టైం జవాను సంగతి వేరు. పార్టీ గడప తొక్కడానికి లేదు. కానీ సర్కారు పథకాల ప్రచారం రాజకీయం కిందికి రాదట. 2023లో రక్షణ శాఖ దేశమంతా 822 సెల్ఫీ పాయింట్లు తలపెట్టింది. సెలవు మీద ఊరెళ్లే జవాన్లను ఊళ్లో సమాజ సేవ చెయ్యమని సైన్యం చెప్పింది. పండక్కి ఇంటికెళ్లి పెసరట్టు తిని పడుకుందామనుకున్నవాడికి అదో డ్యూటీ. మా కాలనీని ఆనుకునే ఉన్న జేఎన్‌యూలోనైతే, 2017లో అప్పటి వైస్ చాన్సలర్, మన తెలుగువారే ఎం. జగదీశ్ కుమార్, విద్యార్థులకు జవాన్ల త్యాగాలు నిత్యం గుర్తుండేలా ఒక యుద్ధ ట్యాంకు ఇప్పించమని కేంద్రమంత్రులను కోరారు. దీని మీద మాత్రం సుబేదారు గారు నోరు విప్పారు: "ట్యాంకు మంచిదే బాబూ. మాట్లాడదు."

అమెరికాలో రిజర్వు సైనికుడు ఎన్నికల్లో నిలబడొచ్చు. యూనిఫాం ఫొటో వాడుకుంటే మాత్రం ఇది సైన్యం మద్దతు కాదని పక్కన రాసి తీరాలి, ఆ ఫొటోనే ప్రచారానికి ముఖచిత్రం చేసుకోకూడదు. మన ఎన్నికల సంఘం వారికి మనవి: ఇతరుల యూనిఫాం ఫొటోలు వాడొద్దని పార్టీలకు చెప్పారు, బాగుంది. అభ్యర్థి సొంత యూనిఫాం ఫొటో గురించి కూడా అంత స్పష్టంగా ఒక వాక్యం రాయండి. 2025 మేలో టీఏను పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కు ఇస్తూ ఉత్తర్వు వెలువడినప్పుడు 32 పదాతి బెటాలియన్లలో 14 సిద్ధం కావాల్సి వచ్చింది. వాటిలో ఉన్న గుమాస్తాలకు, మెకానిక్కులకు ఏ ఊళ్లోనూ హోర్డింగులు లేవు.

సుబేదారు గారు రిటైరయ్యారు కాబట్టి ఆయన అన్న మూడు ముక్కలూ రాశాను. సర్వీసులో ఉన్న తమ్ముళ్లెవరైనా ఈ కాలమ్ చదువుతుంటే నచ్చినా నచ్చకపోయినా పత్రికకు ఉత్తరం మాత్రం రాయకండి. 21వ రూలు ఉంది.