గాలికి కిలోల లెక్క

సింగపూర్‌లోని యీషున్‌లో నీళ్ళకు కొదవ లేదు. యీషున్ అవెన్యూ 1 మీద డ్యామ్ దాటుతుంటే ఒక పక్క లోయర్ సెలెటార్ జలాశయం, రెండో పక్క జోహోర్ జలసంధి. సాయంత్రమైతే గాలిపటాలవాళ్ళు, గాలాలవాళ్ళు, సెలెటార్ విమానాశ్రయంలో దిగే విమానాలకు ఫోటోలు తీసేవాళ్ళు గట్టు పొడవునా చేరతారు. ఈ ఊళ్ళో కాపురముండే ఒక తెలుగు ఇంజనీరుకు విండ్‌సర్ఫింగ్ పిచ్చి పట్టిందనుకుందాం. అందులో వింతేమీ లేదు. సింగపూర్‌లో ఎక్కడ ఏ విడ్డూరం జరిగినా అది యీషున్‌లోనే అయి ఉంటుందని మిగతా ద్వీపమంతా ఎలాగూ జోకులేసుకుంటుంది. అసలు విడ్డూరం ఆయన ఆ బోర్డును దేశం దాటించి విశాఖ తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్న రోజున మొదలవుతుంది.

సరంజామా ఏమిటో ముందు చూద్దాం. ఒక బోర్డు, రెండు ముక్కలుగా విడదీసే మాస్ట్, పట్టుకుని వేలాడే బూమ్, చాపలా చుట్టేసిన తెరచాప, బోర్డు అడుగున బిగించే ఫిన్. అన్నీ ఒకే సంచిలో సర్దితే రెండున్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, పావు మీటరు మందం. బరువు పాతిక కిలోలకు అటూ ఇటూ. సంక్రాంతికి వెళ్ళొచ్చే సగటు తెలుగు కుటుంబం ఆవకాయ, గోంగూర, పూతరేకులు, ఒక మిక్సీ కలిపి తెచ్చుకునే బరువుతో పోలిస్తే ఇది చాలా మర్యాదైన సామాను. పేచీ అంతా ఆకారంతోనే.

ఇంటి గుమ్మంలోనే ఆ పేచీ మొదలు. ప్రభుత్వ ఫ్లాట్ల వరండాలో దారి 1.2 మీటర్లు ఖాళీగా ఉండాలని అగ్నిమాపక శాఖ నియమం. అక్కడ చెప్పుల స్టాండుకే దిక్కు లేదు, ఇక బోర్డు మాటెందుకు? 1990ల చివరి నుంచి కట్టిన ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోవడానికి కాంక్రీటు గది ఒకటి ఉంటుంది. అందరిళ్ళలోనూ అది బియ్యం బస్తాలకూ సూట్‌కేసులకూ నిలయం. మన ఇంజనీరుగారింట్లో అందులోకి బోర్డు చేరింది. యుద్ధమే వస్తే బోర్డు క్షేమం. కుటుంబం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత మెట్రో రైలు. సామాను 80 సెంటీమీటర్ల పొడవు, 43 వెడల్పు, 27 మందం మించకూడదు. మడత సైకిలైతే కాస్త దయతలచి 120 వరకూ రానిస్తారు. బోర్డు మడత పడదు కనుక దానికి దయ లేదు. డ్యామ్ దగ్గర రెండు పక్కలా నీళ్ళు పెట్టుకుని కూడా విండ్‌సర్ఫింగ్ నేర్పే కేంద్రాల కోసం ద్వీపం అవతలి కొస, ఈస్ట్ కోస్ట్ దాకా పోవాలి. అందుకని ఆయన వ్యాను మాట్లాడుకుంటాడు. విదేశీ ప్రయాణానికి ఇది రిహార్సల్ అన్నమాట.

అక్కడిదాకా పోయినా గాలి ఉండాలి కదా! సింగపూర్ భూమధ్యరేఖకు ఒకటింపావు డిగ్రీల ఎగువన ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి; మధ్య నెలల్లో సముద్రం నూనె పోసినట్టు కదలక మెదలక ఉంటుంది. గాలి కోసం జనం వియత్నాంలోని ముయి నే, ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్, ఆస్ట్రేలియా పడమటి తీరం పట్టుకు తిరుగుతారు. మనవాడికి మాత్రం విశాఖే కావాలి. యీషున్‌లో ఉంటే ఏమిటి, రుషికొండ ఒడ్డున నాన్న, బాబాయిలు, మేనత్తలు చూస్తుండగా తెరచాప ఎత్తకపోతే ఆ విద్య ఉండి ఏం లాభం? పైగా సింగపూర్ నుంచి విశాఖకు నేరుగా విమానముంది.

విమానముంది. అందులో బోర్డుకు చోటుందా అన్నదే ప్రశ్న.

ఈ ఆటకు సామాను తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన జిమ్ డ్రేక్ స్వయానా విమాన ఇంజనీరు. అమెరికా ఎక్స్-15 రాకెట్ విమానం మీద పనిచేసినవాడు. కాలిఫోర్నియాలో హోయల్ ష్వైట్జర్‌తో కలిసి తెరచాపను అటూ ఇటూ వాల్చగలిగే కీలు తగిలించి, 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1970లో అది చేతికొచ్చింది. ఆనాటి బోర్డు పొడవు 12 అడుగులు. ఆకాశం అంచులు తాకే విమానానికి లెక్కలు కట్టినవాడు, తను చేసిన బల్ల మామూలు ప్రయాణికుల విమానంలో పడుతుందా లేదా అన్న లెక్క మాత్రం వేసుకోలేదు. ఆనాడు కారు టాపు మీద పట్టింది, సరిపోయింది.

విమానసంస్థల లెక్కలో మామూలు సామాను అంటే పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు. మన సంచి కొలిస్తే 350. విమానసంస్థల దురాశ అని తిట్టేసుకోవడం తేలికే గానీ, విమానం కడుపులో కాస్త ఇనుము, అల్యూమినియం నిజం కూడా ఉంది. పెద్ద విమానాల్లో సూట్‌కేసులు ఎల్‌డీ-3 అనే డబ్బాల్లోకి వెళతాయి. ఆ డబ్బా ఎంత వెడల్పున్న చోట కొలిచినా రెండు మీటర్లు. రెండున్నర మీటర్ల సంచి అందులో పట్టదు. వెనక విడి సామాన్ల గదిలో చేత్తో ఎక్కించాలి. ఏ320 వంటి చిన్న విమానాల్లోనైతే ఆ గదిలో మనిషి నిటారుగా నిలబడే ఎత్తు కూడా ఉండదు. నడుం వంచి లాగే ఆ కార్మికుడికి కూడా ఒక్కో సామాను 32 కిలోలు మించకూడదన్నది ఎక్కువ చోట్ల నియమం. ఇంతవరకూ న్యాయమే.

గోల్ఫ్ సంచి దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం కాస్త కన్ను గీటుతుంది. గోల్ఫ్ సంచి కూడా 158కి లొంగదు. అయినా చాలా సంస్థలు దాన్ని మామూలు సూట్‌కేసుగా కళ్ళకద్దుకుని తీసుకుంటాయి. బిజినెస్ క్లాసులో కూర్చునేవాడి కర్ర పొడవుగా కనిపించకపోవడం టేపులో ఉన్న సుగుణం. 2007 నవంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సర్ఫ్‌బోర్డులు, విండ్‌సర్ఫింగ్ బోర్డులు, చిన్న పడవలు ఇక ఎక్కించుకోమని ప్రకటించినప్పుడు ఆ ఆటగాళ్ళంతా లబోదిబోమన్నారు. గోల్ఫ్ కర్రలకు ఆ గండం తగల్లేదు.

చట్టసభలు పూనుకుంటే టేపు పొడవు మారుతుందనడానికీ సాక్ష్యముంది. 2018 ఆగస్టులో కాలిఫోర్నియా సర్ఫింగ్‌ను అధికారిక రాష్ట్ర క్రీడగా చేసింది. ఆ నెలలోనే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఆ రాష్ట్రానికి వచ్చిపోయే సర్ఫ్‌బోర్డుల మీద 150 డాలర్ల రుసుము ఎత్తేసింది. మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా ఆటసామాను మీద సైజు రుసుము మానుకుంది. అమరావతిలో ఇలాంటి బిల్లు పెడితే బాగుండునని మనవాడికి ఒక రాత్రి ఆలోచన వచ్చింది గానీ, ఏ సభ్యుడైనా కబడ్డీయే నయమంటాడు. దానికి కూతే లగేజీ, అది గొంతులోనే వెళుతుంది.

ప్రయాణికుడితో పాటు కుదరదు కనుక కార్గో. సెరంగూన్ రోడ్డులో ఇంటికే చేరవేస్తామనే కార్గో దుకాణాలున్నాయి. కౌంటర్ వెనక పెద్దాయన కాటా వైపు కన్నెత్తి కూడా చూడడు.

“ఎంత తూగుతుంది అన్నా?” అంటాడు మనవాడు గర్వంగా. “పాతికే!”

“తూకం సరే తంబీ, ముందు టేపు పట్టండి.”

విమాన కార్గోలో ఘన సెంటీమీటర్లను 6000తో భాగించి, అసలు బరువు, ఆ అంకె రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కడతారు. మన సంచిని 250, 75, 25 చొప్పున గుణించి భాగిస్తే 78 కిలోలు. కొరియర్ వాళ్ళు 5000తోనే భాగిస్తారు కనుక వాళ్ళ దగ్గర సుమారు 94. ఉన్నది పాతిక. తక్కిన 53, లేదా 69 కిలోలూ గాలి. నీళ్ళ మీద తేలడానికి, గాలితో నడవడానికి, లోపల నురగతో నింపి చేసిన వస్తువుకు ఈ శిక్ష తగినదే కావచ్చు. గాలికిపోయే పేలపిండి కృష్ణార్పణం అనుకునే సౌకర్యం కూడా లేదు. దీనికి రసీదు ఇస్తారు.

ఓడ మాత్రం ధర్మాత్మురాలు. అక్కడ ఘనపు మీటరునో, వెయ్యి కిలోలనో, ఏది ఎక్కువైతే అదే లెక్క. మన సంచి 0.47 ఘనపు మీటరు. అందరి సరుకూ కలిపి ఒక కంటెయినర్‌లో వేసే ఎల్‌సీఎల్ పద్ధతిలో తరచు కనీసం ఒక ఘనపు మీటరుకు కట్టాలి కాబట్టి, మిగతా సగం కంటెయినర్‌వాడికి వదిలేయాలి. 1972 జూన్ 23న మొదటి కంటెయినర్ ఓడ తాంజోంగ్ పగార్‌లో ఆగిన నాటి నుంచి ఇనప డబ్బాలే సింగపూర్‌కు అన్నం పెడుతున్నాయి. ఆ మాటకొస్తే అనాసను డబ్బాల్లో కుక్కి ఓడలెక్కించి సంపన్నుడైన లిమ్ నీ సూన్ పేరే యీషున్‌కు పెట్టారు. డబ్బాలో ఇమిడితే చాలు, ఈ ఊరి సరుకు ఎక్కడికైనా వెళుతుంది. ఇరవై అడుగుల కంటెయినర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, మన బోర్డు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

ఓడ కిరాయి చూసి మనవాడు ఉబ్బిపోయాడు. కిరాయి అసలు ఖర్చులో చిన్న వాటా మాత్రమేనని సంచి చెన్నై రేవులో దిగాక తెలుస్తుంది: రేవు చార్జీలు, సరుకు విడదీసే గోదాము చార్జీలు, డెలివరీ ఆర్డరు, క్లియరింగ్ ఏజెంటు, అక్కడి నుంచి విశాఖకు లారీ. ఇవన్నీ సంచికి కాదు, కాగితాలకు. దెబ్బ తగలకుండా చెక్కపెట్టెలో పెడదామంటే ఆ చెక్కకు లోపలిదాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించి, పురుగు చచ్చిందని ముద్ర వేయించాలి. బోర్డుకు లేని ఆరోగ్యపరీక్ష పెట్టెకు జరుగుతుంది.

ఇక కస్టమ్స్. ప్రపంచ కస్టమ్స్ పట్టికలో సెయిల్‌బోర్డుకు 9506.21 అని ఏకంగా సొంత అంకె ఉంది. ఆ గౌరవం కాగితం మీదే. బల్ల అవతల కూర్చున్న అధికారి జీవితంలో అలాంటి సంచి చూసి ఉండకపోవచ్చు. చూసిందల్లా సింగపూర్, బ్యాంకాక్‌ల నుంచి వెల్లువెత్తిన టీవీలు. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకు సుంకం మినహాయింపు తీసేశాక పల్చటి, వెడల్పాటి, పొడవాటి ఏ సంచి అయినా వాళ్ళ కంటికి టీవీయే. రెండున్నర మీటర్ల టీవీ! “ఎన్ని అంగుళాలు బాబూ ఇది?” అని అడిగితే మనవాడు ఏ జవాబిచ్చినా నేరం ఒప్పుకున్నట్టే.

పందాలకు పోయేవాళ్ళయితే సామాను తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకెళ్ళే ఏటీఏ కార్నే అనే సంవత్సరం గడువు కాగితం తీసుకోవచ్చు. భారత్‌లో దాన్ని ఫిక్కి ఇస్తుంది. నిజానికి పందాల లోకం ఈ తలనొప్పిని ఎప్పుడో వదిలించుకుంది. 2008 బీజింగ్ నుంచి ఒలింపిక్స్‌లో వాడిన ఆర్ఎస్:ఎక్స్ బోర్డులను నిర్వాహకులే అందరికీ ఒకే రకంగా సమకూర్చారు. హైదరాబాద్ యాచ్ క్లబ్‌లో, హుస్సేన్ సాగర్ నీళ్ళ మీద నేర్చుకున్న కొంగర ప్రీతి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నడిపింది 470 తరగతి పడవ. దాని పొడవే 4.7 మీటర్లు. అలాంటివాటికి అద్దె పడవలో, జట్టంతా కలిసి మాట్లాడుకున్న కంటెయినరో తప్ప దారి లేదు. ఆట ఎంత పెద్దదైతే ఆటగాడి చేతిలో సంచి అంత చిన్నదవుతుంది. మోసుకు తిరిగే యోగం మనలాంటి ఆదివారం వీరులకే.

అందుకే అనుభవజ్ఞులు హార్నెస్, ఫిన్, చేతికి అలవాటైన చిన్న సామాను మాత్రమే సూట్‌కేసులో వేసుకుని, బోర్డు అక్కడే అద్దెకు తీసుకుంటారు. ముయి నేలో, బొరాకాయ్‌లో అది మంచి సలహా. మరో మార్గం గాలి నింపే బోర్డు: గాలి తీసి చుట్టేస్తే పెద్ద సూట్‌కేసు పాటి అవుతుంది, మూడు నాలుగు ముక్కల మాస్ట్ కూడా దొరుకుతుంది. గట్టి బోర్డంత వేగం ఉండదు గానీ 6000 భాగహారం దాని జోలికి రాదు.

మన ఇంజనీరుకు ఈ రెండూ నచ్చలేదు. సొంత బోర్డే కావాలి. అంతలో కింది అంతస్తులోని తెలుగు కుటుంబం సింగపూర్‌కు సెలవు చెప్పి, ఇల్లంతా ఒక కంటెయినర్‌లో పెట్టి విశాఖ వెళ్ళిపోతోందని తెలిసింది. సోఫాల మీద జానెడు సందుంది. “దానికేముంది అన్నయ్యా, పెట్టెయ్యండి” అన్నది ఆ ఇల్లాలు. ప్యాకర్ల కుర్రాడు సంచి జిప్పు కొద్దిగా తీసి చూసి, ఏమిటో అర్థంగాక, సామాన్ల జాబితాలో తనకు తోచింది రాసుకున్నాడు: ఇస్త్రీ బల్ల, పెద్దది, ఒకటి.

ఆ కంటెయినర్ విశాఖ రేవులో తెరుచుకున్నాక, ఇస్త్రీ బల్లకు అడుగున ఆ రెక్క దేనికని ఆ ఇల్లాలిని అడిగారు. ఆవిడ వెంటనే యీషున్‌కు ఫోను చేసి, “మీరే చెప్పండి అన్నయ్యా” అని దాన్ని అధికారి చేతికిచ్చింది.