డాలస్ నుంచి దిగిన సీసా

అరవై దాటిన మగవాళ్లు నలుగురు పార్కు బెంచీ ఎక్కితే రాజకీయాలు ఇప్పుడు రెండో అంశం. "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు బావగారూ?" అన్నదే మొదటిది. లెక్కలు తేలాక ఒకాయన సంచీలోంచి సీసా తీస్తాడు. డాలస్ నుంచి అబ్బాయి పంపిన సా పాల్మెటో. ఫ్లోరిడా వైపు పెరిగే పొట్టి తాటిజాతి చెట్టు పండ్ల సారం. అంతా ప్రకృతి సిద్ధమట, సైడ్ ఎఫెక్టులు సున్నా అట!

అసలు ఎఫెక్టు మాటేమిటని మాత్రం అడగకూడదు.

అడిగింది అమెరికా డాక్టర్లే. 2006లో వెలువడిన పరీక్షలో 225 మందిని ఏడాది పాటు గమనించారు. ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనబడలేదు. డోసు చాల్లేదేమోనన్నారు భక్తులు. సరేనని మరో పరీక్షలో 369 మందిని తీసుకుని డోసును మూడింతల దాకా పెంచారు. ఫలితం 2011లో వచ్చింది. 72 వారాలకు మూత్ర బాధల స్కోరు సా పాల్మెటో వాడినవాళ్లలో 2.20 తగ్గింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 2.99! ఆ కాస్త తేడా గణాంకాలకు ఆననిదే అనుకోండి. అయినా ఏ మందూ లేని మాత్రతో పోటీపడి గెలవలేనిదానికి డాలర్లెందుకో!

సీసా మాత్రం అబద్ధమాడదు. ముందువైపు పెద్దక్షరాల్లో "ప్రొస్టేట్ ఆరోగ్యం". వెనకవైపు, భూతద్దానికి మాత్రమే అందే అక్షరాల్లో, ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించినది కాదన్న ఒప్పుకోలు. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రొస్టేట్ జబ్బులు కుదురుస్తామన్న ప్రకటనలనే నిషేధించింది. బస్టాండు గోడలకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇంతకీ పనిచేసే మాత్ర వీధి చివర మందుల షాపులోనే ఉంది. టామ్సులోసిన్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, వారం పదిరోజుల్లో ధార కాస్త తేలికవుతుంది. గ్రంథి బాగా పెరిగినవాళ్లకు ఫినాస్టెరైడ్ ఇస్తే అది గ్రంథినే కుదిస్తుంది, కాకపోతే ఆరు నెలలు ఓపిక పట్టాలి. వీటికి ఇబ్బందులున్నాయి, డాక్టర్లు దాచరు కూడా. మొదటిది వాడేవాళ్లకు గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు, శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. రెండోది ప్రొస్టేట్ రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ అంకెను దాదాపు సగానికి దించుతుంది, ఆ సంగతి తెలియని డాక్టరు క్యాన్సర్ అనుమానాన్ని పక్కన పెట్టేయొచ్చు.

బెంచీ పెద్దమనిషికి ఇవన్నీ భయమే. జలుబు చేస్తే మాత్రం ఎవరినీ అడక్కుండా క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర మింగేస్తాడు. ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం పూర్తిగా బిగదీయగలిగేది అలాంటి మాత్రే. పొత్తికడుపు ఉబ్బి చుక్క రాకపోయినా, మూత్రంలో రక్తం కనబడినా, డాలస్‌కు ఫోన్ చేయడం తర్వాత, ముందు ఆసుపత్రికి ఆటో ఎక్కండి.